తెర నిండా తెరలే: ‘సెర్చింగ్’ నిజాయతీగా ఆడిందా, మోసం చేసిందా? (కథ గుట్టు మొత్తం ఉంది)

మూడోవరస
సినిమా చూడనివారు ఇక్కడే ఆగిపోండి. ముగింపుతో సహా అన్నీ మాట్లాడతాను.

2018లో వచ్చిన ‘సెర్చింగ్’ మళ్లీ చూశాను. శాన్ హోసేలో ఉండే డేవిడ్ కిమ్ కూతురు మార్గో ఒక రాత్రి చదువుకోవడానికని వెళ్లి తిరిగి రాదు. తండ్రి ఆమె ల్యాప్‌టాప్ తెరుస్తాడు. అక్కడి నుంచి మనకు కనిపించేదంతా కంప్యూటర్, ఫోను, నిఘా కెమెరా, టీవీ వార్తల తెరలే.

ఈ సినిమాలో అందరికంటే బాగా నటించింది మౌస్ బాణమే అని నా అభిప్రాయం. డేవిడ్ కూతురికి ఒక మెసేజ్ రాస్తాడు. నిన్ను చూస్తే నాకు గర్వంగా ఉంది అంటాడు. చనిపోయిన భార్య ప్రస్తావన కూడా టైపు చేస్తాడు. కాసేపు కర్సర్ కొట్టుకుంటూ ఉంటుంది. ఆ వాక్యం చెరిపేస్తాడు. మామూలు సినిమాలో ఇదే విషయం చెప్పాలంటే నటుడి ముఖం దగ్గరగా చూపించి, వెనక వయొలిన్ వాయించి, అయినా మనకు అర్థం కాదేమోనని పక్కింటాయన చేత ఒక మాట అనిపిస్తారు. ఇక్కడ పంపని మెసేజ్ ఒక్కటి చాలింది.

అయితే ఒక సందేహం పీడిస్తోంది. తెర మీదే అంతా జరుగుతుందని నియమం పెట్టుకున్నాక, ఆ తెరలోకి కెమెరా దూసుకెళ్లి ఒక్క అక్షరాన్ని పెద్దది చేసి చూపించడం న్యాయమేనా? వెనక సంగీతం ఎక్కడి నుంచి వస్తోంది?

నియమనిష్ఠ
న్యాయం కాదు. మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను, లేకపోతే రేపు నేనే ఈ చర్చ మొదలుపెట్టేవాణ్ణి.

ఈ పద్ధతికి బలం దాని ఇరుకే. 2014 నాటి ‘అన్‌ఫ్రెండెడ్’ చూడండి. ఒకే అమ్మాయి ల్యాప్‌టాప్, ఒకే రాత్రి, కథలో గడిచే సమయం మనకు గడిచే సమయం ఒకటే. నటులను ఒకే ఇంట్లో వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి, ఆపకుండా పొడుగాటి టేకులు తీశారు. ఎక్కడ చూడాలో మనకు ఎవరూ చెప్పరు. ఒక మూల చాట్ పెట్టె, ఇంకో మూల ఆరుగురి ముఖాలు. కళ్లు మనమే తిప్పుకోవాలి. భయం పుట్టేది అక్కడే.

‘సెర్చింగ్’ మన తల పట్టుకుని అటు చూడు, ఇటు చూడు అని తిప్పుతుంది. చివరి అరగంటలో అయితే వార్తా ఛానెళ్ల దృశ్యాలు, పోలీసు విచారణ గది కెమెరా. అంటే దర్శకుడికి మామూలు సినిమా కావాల్సి వచ్చింది, దానికి తెర అనే చట్రం తగిలించాడు.

గోడమీదిపిల్లి
రెండు వైపులా నిజమే అనిపిస్తోంది. ఈ పేరు ఊరికే పెట్టుకోలేదు.

అన్నట్టు, దర్శకుడి ఇంటిపేరు చాగంటి అని గమనించారా? అనీష్ చాగంటి. సినిమా పేర్లు పడుతుంటే నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను.

నియమనిష్ఠ
ఇంటిపేరు చూసి మార్కులు వేయను.

ఎడిటింగ్‌బల్ల
నేను వీడియో ఎడిటింగ్‌తో బతికేవాణ్ణి కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

కెమెరా తెరలోకి దూసుకెళ్లడం చివర్లో పూసిన మెరుగు అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ సినిమా మొదట పుట్టిందే ఎడిటింగ్ గదిలో. విల్ మెరిక్, నిక్ జాన్సన్ అనే ఇద్దరు ఎడిటర్లు షూటింగుకు ఏడు వారాల ముందే పని మొదలుపెట్టి, సినిమా మొత్తాన్ని నమూనాగా కూర్చారు. అందులో తండ్రి, కూతురు, పోలీసు అధికారిణి, అందరి వేషాలూ దర్శకుడే వేసుకున్నాడు. ఆ నమూనా చేతిలో పెట్టుకుని నటులతో తీసింది 13 రోజులే. ఆ తర్వాత పని ఏడాదికి పైగా సాగింది.

డేవిడ్‌గా నటించిన జాన్ చో పరిస్థితి ఆలోచించండి. ఎదురుగా మనిషి లేడు, చదవాల్సిన మెసేజ్ లేదు, రాబోయే వీడియో లేదు. ఏ కిటికీ తెర మీద ఏ మూల తెరుచుకుంటుందో ముందే తెలిస్తే తప్ప ఆయన కళ్లు సరైన చోటికి వెళ్లవు. కనుచూపు రెండంగుళాలు తప్పితే ఆయన మెసేజ్ చదవడం లేదని ప్రేక్షకుడికి వెంటనే తెలిసిపోతుంది. అందుకే ఆ నమూనా తప్పనిసరి అయింది.

ఇంకో సంగతి. మనం చూసే ఆ వెబ్ పేజీలు, ఐకాన్లు, చాట్ పెట్టెలు స్క్రీన్ రికార్డింగ్ చేసినవి కావు. విడివిడిగా బొమ్మలుగా గీసి, ఒక్కొక్కటీ కదిలించారు. రికార్డింగ్ అయితే దగ్గరకు వెళ్లేకొద్దీ చుక్కలు చుక్కలుగా విరిగిపోతుంది. వెక్టర్ బొమ్మ ఎంత పెంచినా అంచు చెదరదు. అంటే ఆ దూకుడు కెమెరా కోసమే ప్రపంచాన్నంతా మళ్లీ గీశారు. నియమం తప్పడానికి ఇంత కష్టం ఎవరూ పడరు, నియమనిష్ఠ గారూ. వాళ్ల నియమం వేరు, అంతే.

నియమనిష్ఠ
కష్టపడ్డారని నేనూ ఒప్పుకుంటాను. కష్టపడి చేసిన పని సరైనదే అయ్యుండాలని ఏముంది?

పాతరీలు
పిల్లలు కొట్టుకుంటుంటే పెద్దవాడు మధ్యలోకి వచ్చినట్టు వస్తున్నాను.

దీన్ని కొత్త పద్ధతి అంటున్నారు. 1897లో అచ్చయిన ‘డ్రాకులా’ నవల ఒకసారి తిరగేయండి. కథకుడు అంటూ ఒకడు లేడు. ఉత్తరాలు, డైరీలు, టెలిగ్రాములు, పత్రికల కత్తిరింపులు, ఫోనోగ్రాఫ్‌లో నింపిన మాటలు. ఆనాటి సరికొత్త పరికరాలన్నీ అందులో ఉన్నాయి. చదివేవాడు ఆ కాగితాల మధ్య సంబంధం తానే కలుపుకోవాలి. ఈ సినిమా చేసిందీ అదే, కాగితం బదులు తెర వచ్చింది.

కిటికీలోంచి కదలకుండా చూస్తూ నేరాన్ని పసిగట్టే మనిషిని 1954లోనే ‘రియర్ విండో’ సినిమాలో హిచ్‌కాక్ కుర్చీలో కూర్చోబెట్టాడు. అక్కడా కెమెరా ఆ గది దాటి పెద్దగా పోదు, కానీ కటకం మార్చి దూరపు కిటికీని దగ్గరకు లాగుతుంది. అప్పుడు ఎవరూ మోసం అనలేదు.

నియమనిష్ఠ
అక్కడ కథానాయకుడి చేతిలో దుర్భిణి ఉంది, పెద్ద కటకమున్న ఫొటో కెమెరా ఉంది. దగ్గరకు లాగింది అతని కన్ను. ఇక్కడ లాగేది ఎవరి కన్ను?

మూడోవరస
ఈ ప్రశ్న బాగుంది. నాకు తోచింది చెబుతాను. అది డేవిడ్ ధ్యాస. మనం తెర ముందు కూర్చున్నప్పుడు తెర మొత్తం చూడం. మెసేజ్ వచ్చిందన్న చిన్న గుర్తు మెరిస్తే మిగతా పేజీ ఉన్నా లేనట్టే. కన్ను ఒక్క చోటే అతుక్కుంటుంది. కెమెరా ఆ అతుక్కోవడాన్నే చూపిస్తోంది. సంగీతం విషయంలో మాత్రం నా దగ్గర జవాబు లేదు. టోరిన్ బోరోడేల్ సంగీతం బాగుంది, తీసేస్తే మొదటి ఏడెనిమిది నిమిషాలు అంతగా కదిలించవు. కాబట్టి ఉండనిద్దాం.

గోడమీదిపిల్లి
ఆ మొదటి నిమిషాల గురించి ఎవరూ మాట్లాడలేదేమిటి? నాకు సినిమా మొత్తంలో అదే గొప్ప భాగం. విండోస్ ఎక్స్‌పీ, ఆ పచ్చటి కొండ, నీలి ఆకాశం. అందులో కూతురి పేరు మీద ఒక ఖాతా తెరుస్తారు. తర్వాత ఏడేళ్లో, ఎనిమిదేళ్లో, ఇంకా ఎక్కువో గడిచిపోతాయి, ఫొటోలు, బడి మొదటి రోజులు, పియానో పాఠాలు, అమ్మ జబ్బు. క్యాలెండరులో ‘అమ్మ ఇంటికి వస్తుంది’ అని ఒక రోజు మీద రాసి ఉంటుంది. మౌస్ ఆ రాతను పట్టుకుని ముందుకు జరుపుతుంది. ఆ తర్వాత తొలగిస్తుంది. ఒక్క మాట లేదు, ఆసుపత్రి మంచం లేదు. నేను అక్కడ కాసేపు ఆపేశాను.

పాతరీలు
ఆ పచ్చటి కొండ ఫొటో చార్లెస్ ఓ’రియర్ అనే ఫొటోగ్రాఫర్ 1996లో కాలిఫోర్నియాలో తీసింది. 2001లో ఎక్స్‌పీతో పాటు ఇంటింటికీ చేరింది. సినిమా జరిగేదీ ఆ రాష్ట్రంలోనే. కావాలని పెట్టారో, ఎక్స్‌పీ చూపించాలి కాబట్టి వచ్చిందో గానీ, చక్కగా కుదిరింది.

కొందరు ఇలాంటి సినిమాలు పదేళ్లకే పాతబడతాయని అంటారు. పాతబడనివ్వండి. ఎక్స్‌పీ చూడగానే కాలం తెలిసిపోవడం వల్లే కదా ఆ ఆరంభం పనిచేసింది.

లాగ్‌ఫైలు
నా ఉద్యోగం డిజిటల్ ఆధారాలతో ముడిపడింది. సినిమా నచ్చింది. కానీ డేవిడ్ ఒక్కొక్క పాస్‌వర్డూ మారుస్తూ పోతుంటే నాకు ఒళ్లు మండింది.

ఆ భాగం వాస్తవానికి చాలా దగ్గరగా ఉందని ఒప్పుకోవాలి. ఒక ఖాతా పాస్‌వర్డ్ మరిచిపోయానంటే ఇంకో మెయిల్‌కు లింకు వెళ్తుంది, ఆ మెయిల్ తెరవాలంటే మరో మెయిల్. చివరిది చేతికి చిక్కితే మిగతావన్నీ వాటంతట అవే పడిపోతాయి. ఎక్కడా ఆకుపచ్చ అక్షరాల నల్ల తెరలు, గలగలా పారే అంకెలు లేవు. సినిమాల్లో హ్యాకింగ్ అంటే చూపించే చెత్త ఏదీ లేదు, దానికి వాళ్లకు దండం.

కానీ నిజమైన కేసులో తప్పిపోయిన మనిషి ల్యాప్‌టాప్ దొరికితే మొదటి సూత్రం ముట్టుకోవద్దు అనే. నిపుణులు డిస్కులో కొత్తగా ఏమీ రాయబడకుండా అడ్డుపెట్టి, మొత్తానికి నకలు తీసి, అసలూ నకలూ ఒకటేనని హ్యాష్ విలువతో (డేటాకు వేలిముద్ర లాంటి సంఖ్య) సరిచూసుకుని, పని అంతా నకలు మీదే చేస్తారు. పాస్‌వర్డ్ మారిస్తే వేరే పరికరాల్లో ఇంకా తెరిచి ఉన్న ఖాతాలు మూసుకుపోవచ్చు. ఆమె ఫోను ఎవరి చేతిలోనైనా ఉండి ఉంటే, వాడికి హెచ్చరిక పంపినట్టే. ఆ తండ్రి స్థానంలో నేనున్నా బహుశా అదే చేస్తాను, అది వేరే సంగతి.

మూడోవరస
లాగ్‌ఫైలు గారూ, ఆయన ఎక్సెల్ పట్టిక తయారుచేయడం గుర్తుందా? కూతురి స్నేహితుల పేర్లు ఒక వరుస, ఎవరితో మాట్లాడాడు, ఎవరు చివరిసారి చూశారు. ఆ పట్టిక నిండేకొద్దీ ఆమెకు నిజంగా స్నేహితులంటూ ఎవరూ లేరని తేలుతుంది. ఎవరిని అడిగినా ఏదో పక్కన కూర్చుంది, ఏదో చదువు కోసం పిలిచాం. వార్త బయటపడగానే వాళ్లలోనే ఒకమ్మాయి ప్రాణ స్నేహితురాలినంటూ ఏడుస్తూ వీడియో పెడుతుంది. ఇంకోవైపు తండ్రే చంపాడని హ్యాష్‌ట్యాగులు. ఆ ఏడుపు వీడియో నాకు హంతకుడి కంటే ఎక్కువ అసహ్యం కలిగించింది.

లాగ్‌ఫైలు
గుర్తుంది. పియానో పాఠాలు ఎప్పుడో మానేసి, ఆ ఫీజు డబ్బు 2,500 డాలర్లు కూడబెట్టి, ఎవరికో పంపిన సంగతి కూడా. తండ్రి తన కూతురి గురించి తెలుసుకునేదంతా లావాదేవీల పట్టికల నుంచే. అక్కడ ఎవరూ అబద్ధం ఆడలేరు కదా.

నిర్వాహకులు
ఇక్కడి నుంచి హంతకుడెవరో చర్చకు వస్తుంది. చూడనివారికి ఇది చివరి హెచ్చరిక.

నియమనిష్ఠ
సరే, అక్కడికే వద్దాం. డిటెక్టివ్ విక్ మలుపు. కేసు తనే కావాలని తీసుకుంది, మార్గోను లోయలోకి తోసిన తన కొడుకును కాపాడుకోవడానికి. నేరం ఒప్పుకున్న మాజీ ఖైదీ, ఆమె కలిసి ఉన్న పాత ఫొటో గూగుల్‌లో దొరికేసరికి డేవిడ్‌కు తెలిసిపోతుంది. ఒక పోలీసు అధికారిణి అంత సులభంగా దొరికే ఫొటో వదిలేస్తుందా? కథ అవసరానికి దొరికింది.

ఎడిటింగ్‌బల్ల
మీరు చివరి మెట్టు ఒక్కటే చూస్తున్నారు. దానికి ముందు వరుస చూడండి. మార్గోతో ఆన్‌లైన్‌లో మాట్లాడిన ఆ ‘ఫిష్ అండ్ చిప్స్’ అమ్మాయి ముఖం ఒక స్టాక్ ఫొటో. డేవిడ్ కూతురి సంతాప సభ కోసం ఒక సేవా సంస్థ పేజీ తెరిస్తే, వ్యాపార ప్రకటనలో అదే ముఖం నవ్వుతూ ఉంటుంది. ఇది అమ్మకానికి పెట్టిన ఫొటో అని అక్కడ అర్థమవుతుంది. ఆ మోడల్‌కు ఫోను చేస్తే, పోలీసులెవరూ నాతో మాట్లాడలేదంటుంది. ఆ అమ్మాయితో మాట్లాడానని విక్ ఎప్పుడో చెప్పింది! అబద్ధం అక్కడ బయటపడింది. ఫొటో దొరకడం ఆ తర్వాతి సంగతి.

నాకు నచ్చేది ఏమిటంటే, ఆ ముఖం మనకూ ముందే చూపించారు. మనమే ప్రకటనలను పట్టించుకోకుండా దాటేసే అలవాటులో దాటేశాం. ఈ పద్ధతికి మాత్రమే సాధ్యమైన దాపరికం అది. మామూలు సినిమాలో ఆధారాన్ని గది మూలలో పెట్టాలి. ఇక్కడ తెర మధ్యలో పెట్టినా మన కన్ను దాన్ని చెత్త కింద జమకట్టేస్తుంది.

గోడమీదిపిల్లి
తుఫాను సంగతి కూడా అంతే! నీళ్లు లేకుండా అన్ని రోజులు ఎవరూ బతకరని విక్ తేల్చేస్తుంది. మధ్యలో వాన కురిసిందని డేవిడ్‌కు గుర్తొస్తుంది, లోయలో పడిన పిల్లకు నీళ్లు దొరికే ఉంటాయని. ఆ తుఫాను గురించి వార్తల్లో ముందే విన్నాం. నేను దాన్ని వాతావరణ వార్తలా విని వదిలేశాను.

అందుకే నియమనిష్ఠ గారూ, మీరు తిట్టిన ఆ వార్తా ఛానెళ్ల భాగంలోనే ముఖ్యమైన ఆధారం ఉంది.

నియమనిష్ఠ
ఆ మాట ఒప్పుకుంటాను. వార్తల భాగం దండగ అన్నది వెనక్కి తీసుకోను, పూర్తిగా దండగ కాదు అని సవరిస్తాను.

ఇరుకునే వాడుకుని గెలిచినవి ఇంకా ఉన్నాయి. 2020లో లాక్‌డౌన్ సమయంలో రాబ్ సావేజ్ తీసిన ‘హోస్ట్’ గంట కూడా ఉండదు. స్నేహితులు జూమ్‌లో కలుస్తారు, ఉచిత కాల్‌కు ఉండే 40 నిమిషాల గడువునే కథ ముగింపుకు గడియారంగా వాడుకున్నారు. అదే ఏడాది మలయాళంలో మహేశ్ నారాయణన్ ‘సీ యూ సూన్’ తీశాడు. ఆయన స్వయంగా ఎడిటర్. అందులో మొదట ప్రేమకథ అనుకున్నది, ఫహాద్ ఫాజిల్ పాత్ర ఖాతాలు తవ్వేకొద్దీ వేరే కథగా మారుతుంది. దర్శనా రాజేంద్రన్ వీడియో కాల్‌లో కెమెరా వైపు చూడకుండా పక్కకు చూసే చూపులకు అర్థం రెండోసారి చూస్తే గానీ తెలియదు.

పాతరీలు
ఆ సినిమాలో కూడా కెమెరా తెర మీద అటూ ఇటూ తిరుగుతుంది కదా. మరి దానికి మినహాయింపు ఎందుకు?

నియమనిష్ఠ
దర్శన నటన వల్ల. మొదట చెప్పినంత నిష్ఠ నాలో లేదని మీకు అర్థమైపోయింది, సరేనా?

కొత్తకెమెరా
అందరికీ నమస్కారం. చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. ఇలాంటి పద్ధతిలో పది నిమిషాల చిన్న సినిమా తీయాలనుకుంటున్నాను. ఒక ల్యాప్‌టాప్, ఒక ఫోను, ఇద్దరు నటులు ఉన్నారు. స్క్రీన్ రికార్డింగ్ పెట్టి ఒకేసారి ఆడించేస్తే సరిపోతుందా?

ఎడిటింగ్‌బల్ల
సరిపోదు, నిరుత్సాహపడకండి. ‘సెర్చింగ్’ కూడా పది లక్షల డాలర్ల లోపు ఖర్చుతో తీసినదే, ఏడు కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. డబ్బు కంటే ముందుచూపు ఎక్కువ కావాలి.

స్క్రిప్టు రెండు నిలువు వరుసలుగా రాయండి. ఒకదాంట్లో మనుషులు చేసేది, రెండోదాంట్లో తెర మీద కనిపించేది. కాగితం మీద అరపేజీ అనిపించే చాట్ సంభాషణ తెర మీద నాలుగు నిమిషాలు తినేస్తుంది, జాగ్రత్త. ప్రేక్షకుడు చదవాలి, చదివాక పాత్ర ఏమనుకుందో ఊహించాలి, ఆ రెండింటికీ సమయం ఇవ్వాలి. నటుల వీడియోను విడిగా తీసుకోండి. తెర మీది కిటికీలను విడిగా, నేపథ్యాన్ని విడిగా తయారుచేసుకోండి. మౌస్ బాణాన్ని చివర్లో పెట్టుకోండి. రికార్డింగులో ఒకసారి ఇరుక్కున్న బాణాన్ని తర్వాత కదపలేరు, అసలు నటన ఉండేది దానిలోనే.

టైపు చేసే వేగం పాత్రను బట్టి ఉండాలి. కోపంలో ఉన్నవాడు తప్పులతో కొడతాడు, సరిదిద్దడు. అబద్ధం చెప్పేవాడు రాసి, చెరిపి, మళ్లీ రాస్తాడు. కీబోర్డు చప్పుడు రికార్డింగ్ చేసి పెట్టండి, ఊరికే ఇంటర్నెట్‌లో దొరికేది అతికిస్తే బొమ్మకూ శబ్దానికీ పొంతన ఉండదు. యాప్ పేర్లు సొంతంగా కల్పించుకుంటే హక్కుల తలనొప్పి ఉండదు.

లాగ్‌ఫైలు
ఇంకొకటి. తెర మీద కనిపించే గడియారం, తేదీ, బ్యాటరీ శాతం ముందే పట్టిక వేసుకోండి. ఒక సన్నివేశంలో 40 శాతం ఉన్న బ్యాటరీ ఛార్జింగ్ పెట్టకుండానే తర్వాతి సన్నివేశంలో 70 అయితే, నాలాంటివాడు సినిమా వదిలేసి దాని గురించే ఆలోచిస్తాడు.

కొత్తకెమెరా
చాలా కృతజ్ఞతలు. పాత్ర ముఖం అసలు చూపించకుండా, బాణంతోనే నడిపితే ఎలా ఉంటుంది?

నియమనిష్ఠ
అలా తీయండి! మొదటి ప్రేక్షకుణ్ణి నేనే.

ఎడిటింగ్‌బల్ల
పది నిమిషాలకు ఫరవాలేదు. అంతకు మించితే ముఖం కావాలి. ‘సెర్చింగ్’లో వీడియో కాల్ లేనప్పుడు కూడా డేవిడ్ ముఖం చూపించడానికి, ఏదో ఒక వీడియో కిటికీ తెరిచి ఉంచే సాకులు వెతుక్కున్నారు. ‘సెర్చింగ్’ ఎడిటర్లు మెరిక్, జాన్సన్ తామే దర్శకులై 2023లో ‘మిస్సింగ్’ తీశారు. అందులో తల్లి కనిపించకుండా పోతుంది, కూతురు వెతుకుతుంది. అందులో కూడా ముఖం కోసం అదే అవస్థ.

మూడోవరస
‘మిస్సింగ్’కు వేరే చర్చ మొదలుపెడదాం. లాస్ ఏంజెలెస్‌లో కూర్చున్న అమ్మాయి, కొలంబియాలో చిన్నచిన్న పనులు చేసిపెట్టే ఒక పెద్దమనిషిని ఆన్‌లైన్‌లో కుదుర్చుకుని తన కళ్లుగా వాడుకోవడం గురించి నాకు చెప్పాల్సింది చాలా ఉంది.

గోడమీదిపిల్లి
ఆగండి, ఈ చర్చ మూసేముందు ఒక్కటి. ‘సెర్చింగ్’లో వెనక శీర్షికల్లో గ్రహాంతరవాసుల దాడి కథ ఒకటి నడుస్తుందట కదా. వార్తల పేజీల మూలల్లో, పక్క శీర్షికల్లో ముక్కలు ముక్కలుగా పెట్టారట. రెండుసార్లు చూసినా నాకు ఒక్కటీ కనబడలేదు. ఏ సన్నివేశంలో ఆపి చూడాలి?

లాగ్‌ఫైలు
ఉంది, నేను చూశాను. వార్తా పేజీ తెరిచిన ప్రతిచోటా ప్రధాన వార్త వదిలేసి పక్కన చిన్న అక్షరాల్లో ఉన్నవి చదవండి. ఫోనులో చూస్తే కనబడదు, పెద్ద తెర కావాలి.